ముగ్గు పోసే రోజే ర్యాంపు గుర్తుకు రావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

వికలాంగుల దినోత్సవం మర్నాడు మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వచ్చింది. ఒక ప్రభుత్వ ఆఫీసు ముందు మూడు చక్రాల సైకిళ్ళు వరసగా పెట్టి, వాటిలో లబ్ధిదారుల్ని కూర్చోబెట్టి, వెనక అధికారులూ నాయకులూ నిలబడి తీయించుకున్న ఫొటో. చదివినవాళ్ళంతా మనుషుల్ని చూసుంటారు. నేను తాపీ పనివాణ్ణి కాబట్టి నా కళ్ళు వాళ్ళ వెనకాల ఉన్న ర్యాంపు మీదకి పోయాయి. నాలుగు మెట్ల అరుగు. మెట్టు ఆరంగుళాల చొప్పున వేసుకున్నా రెండడుగుల ఎత్తు. దాని పక్కన గోడకి ఆనించి పోసిన ర్యాంపు, ముందు నిలబడ్డ మనుషుల్ని బట్టి లెక్కేస్తే, ఏడెనిమిది అడుగులు మించదు. పైన పాలిష్ పట్టిన నల్ల గ్రానైటు. రెయిలింగ్ లేదు. పై చివర అటొకటి ఇటొకటి పూలకుండీలు. "ఈ సైకిలు తీసుకున్నవాళ్ళు ఆ ర్యాంపు ఎక్కగలరంటావా?" అని మా అమ్మాయికి చూపిస్తే, "ఎక్కడం సంగతి తర్వాత నాన్నా, దిగేటప్పుడు నేరుగా రోడ్డు మీదకొచ్చి పడతారు" అంది.

ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఆ ఒక్క ఆఫీసే అలా ఉంటే ఈ ఉత్తరమే రాసేవాణ్ణి కాదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంటర్ తప్పాక మా మేనమామ వెంట బొచ్చె మోయడానికి వెళ్ళి, తర్వాత తాపీ పట్టి, ఇప్పుడు నలుగురు మేస్త్రీలని పెట్టుకుని ఇళ్ళు కడుతున్నాను. ప్రభుత్వ పనులు సొంతంగా తీసుకోను. కాంట్రాక్టర్ల కింద లేబర్ రేటుకి చేస్తాను. మా అక్కకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. కాళ్ళకి కాలిపర్లు, అంటే ఊతకమ్మీలు వేసుకుని, చంక కింద కర్ర పెట్టుకుని నడుస్తుంది. సెంటర్లో లేడీస్ టైలరింగ్ కొట్టు నడుపుతోంది. మా అమ్మాయి సివిల్ డిప్లొమా చదువుతోంది. ఈ ఉత్తరంలో చట్టాల సంగతులు అమ్మాయి చదివి చెప్పినవి. సిమెంటు సంగతులు నావి.

ర్యాంపు లెక్క చాలా సులువు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు, అంతే. ఇంజనీర్లు ఒకటికి పన్నెండు అంటారు, ఎలా అన్నా ఒకటే. 2021లో కేంద్రం తెచ్చిన ప్రమాణాల పుస్తకంలోనూ ఇదే ఉంది. అడుగున్నర అరుగుకి పద్దెనిమిది అడుగుల ర్యాంపు, రెండడుగుల అరుగుకి ఇరవై నాలుగు. వెడల్పు తక్కువలో తక్కువ నాలుగడుగులు. ముప్ఫై అంగుళాలకి మించి ఎక్కాలంటే మధ్యలో ఐదడుగులకి ఐదడుగులు చదునుగా వదలాలి. కుర్చీ అక్కడ ఆగుతుంది, తిరుగుతుంది, తోసేవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ర్యాంపు అంచులకి చిన్న కట్ట కట్టాలి, లేకపోతే ముందు చక్రం పక్కకి జారిపోతుంది. పైన గ్రానైటూ వద్దు, నున్నటి టైల్సూ వద్దు. కాంక్రీటు ఆరకముందే కొబ్బరి చీపురుతో అడ్డంగా ఒక్క లాగు లాగితే చాలు. వానలో కూడా చక్రం జారదు, చెప్పూ జారదు. దానికి పైసా ఖర్చు లేదు. కానీ చీపురు గీతలు చూస్తే ఓనరుకి పని పూర్తయినట్టు అనిపించదు. "ఇదేంటి మేస్త్రీ, ఫినిషింగ్ ఇవ్వలేదు?" అంటాడు.

రెయిలింగ్ రెండు పక్కలా ఉండాలంటే చాలామందికి కోపం వస్తుంది. ఒకపక్క గోడ ఉందిగా, ఇంకా రెండోది ఎందుకు అంటారు. పక్షవాతం వచ్చిన మనిషికి ఒక చెయ్యే పనిచేస్తుంది. కుడి చెయ్యి ఆడే మనిషి ఎక్కేటప్పుడు కుడి పక్క పైపు పట్టుకుంటాడు. దిగేటప్పుడు ఆ పైపు ఎడమ పక్కకి వస్తుంది. అప్పుడు ఏం పట్టుకుంటాడు? ఈ ముక్క విడమర్చి చెప్పాక రెండో పైపు వద్దన్న ఓనరు ఇప్పటిదాకా నాకు తగల్లేదు. అంటే జనానికి మనసు లేక కాదు, ఎవరూ చెప్పక.

మరి లెక్క ఇంత సులువైతే ర్యాంపులన్నీ ఎందుకు అలా ఏడుస్తున్నాయి? ఎందుకంటే బిల్డింగ్ అంతా అయిపోయాక, సున్నాలు కొట్టి, బోర్డు పెట్టి, ప్రారంభోత్సవానికి ముహూర్తం చూసుకున్నాక ర్యాంపు గుర్తొస్తుంది. అప్పటికి మెట్లకీ డ్రైనేజీకీ మధ్య ఆరడుగుల జాగా మిగిలుంటుంది. "బిల్లు పాస్ కావాలంటే ర్యాంపు కనపడాలి మేస్త్రీ, ఆ మూలన ఏదో ఒకటి పోసెయ్" అని కాంట్రాక్టరు ఫోన్. నేను చూసిన ఎస్టిమేట్లలో 'ర్యాంపు - 1' అనే ఉంటుంది. పొడవెంత, వాలెంత అని ఉండదు. కొలతలు తీసుకోవడానికి వచ్చినాయన కూడా ర్యాంపు ఉందా లేదా అని చూస్తాడు. టేపు తీసి ఎత్తూ పొడవూ కొలవడు. ఏడడుగుల ర్యాంపుకీ ఇరవై నాలుగడుగుల ర్యాంపుకీ ఒకటే టిక్కు.

అదే పునాదులకి సున్నంతో గుర్తులు గీసి ముగ్గు పోసే రోజు ఎవరో ఒకరు ఈ మాట ఎత్తితే? బిల్డింగ్‌ని నాలుగడుగులు వెనక్కి జరిపి ముగ్గు పోస్తాం. ముందు గోడ ఎటూ ముప్ఫై అడుగులు ఉంటుంది, దాని వెంటే ర్యాంపుని పోనిస్తాం. ఇరవై నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఎత్తు ఒక చివర సున్నా, ఇంకో చివర రెండడుగులు. సగటున అడుగు వేసుకుంటే తొంభై ఆరు ఘనపుటడుగుల మెరక. ఒక యూనిట్, అంటే వంద ఘనపుటడుగుల గ్రావెల్ కూడా పూర్తిగా పట్టదు. పక్క గోడకి కాస్త ఇటుక, పైన నాలుగంగుళాల కాంక్రీటు, రెండు వరసల పైపు. లక్షలు పోసి కట్టే బిల్డింగ్‌లో ఇది ఎవరి కంటికీ ఆనని ఖర్చు. అంతా అయ్యాక చేయాలంటే మాత్రం మెట్లు పగలగొట్టాలి, డ్రైనేజీ జరపాలి, బోరు పైపు అడ్డం వస్తుంది. అప్పుడిక ఖర్చు కాదు, గొడవ.

జాగా లేదనే మాట నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. మా వీధిలో బైకు ఎక్కడానికి ర్యాంపు లేని ఇల్లు ఒక్కటి చూపించండి. సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోతుంటే ఇళ్ళు పల్లమైపోతున్నాయని ప్రతివాళ్ళూ అరుగు లేపుతున్నారు. లేపిన అరుగుకి బైకు ఎక్కాలి కాబట్టి మురుగు కాలవ మీదుగా రోడ్డు దాకా సిమెంటు వాలు దించుతున్నారు. దానికి ఏ చట్టమూ చెప్పలేదు, ఏ ఆఫీసరూ అడగలేదు. ప్లానులో గీయకపోయినా ఓనరుకి మాత్రం ముందే గుర్తుంటుంది. బైకు ఒకటి, స్కూటీ ఒకటి, రెండూ ఎక్కేలా వెడల్పు పెట్టమని ముగ్గు దగ్గరే చెప్తాడు. ఇంట్లో ఎనభై ఏళ్ళ తల్లి గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నా ఆవిడ సంగతి ఆ రోజు ఎత్తడు. పైగా ఆ బైకు వాలులన్నీ రోడ్డు మీదకి పొడుచుకొచ్చి, నడిచేవాళ్ళకి ఉన్న కాస్త దారినీ మింగేశాయి. మా అక్క ఇంటి నుంచి కొట్టుకి రోడ్డు మధ్యలో నడిచి వెళ్తుంది, వెనక ఆటోలు హారన్లు కొడుతుంటే.

అక్క మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ర్యాంపు ఉంటే చాలు, వికలాంగులందరికీ పని అయిపోయినట్టే అనుకుంటారు. మా అక్కకి ర్యాంపు అంటే భయం. కాలిపర్ వేసుకున్న కాలు చీలమండ దగ్గర వంగదు. వాలు మీద ఒళ్ళంతా ముందుకి తూలుతుంది. "నాకు మెట్లే నయంరా తమ్ముడూ, కాకపోతే ఆరంగుళాల మెట్టు కాదు, ఐదంగుళాలది కట్టు, పక్కన పట్టుకోడానికి ఒక కమ్మీ పెట్టు" అంటుంది. కుర్చీలో వచ్చేవాళ్ళకి ర్యాంపు కావాలి, కర్రలతో వచ్చేవాళ్ళకి తక్కువ ఎత్తు మెట్లు కావాలి. రెండూ పక్కపక్కనే, ఒకే ముఖద్వారం దగ్గర ఉండాలి. ర్యాంపు వెనకాల జనరేటర్ గది పక్కనుంచి పెట్టి, 'దివ్యాంగులకు దారి' అని బాణం గుర్తు వేసే పద్ధతి మాత్రం ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి.

రొనాల్డ్ మేస్ అని అమెరికాలో ఒక ఆర్కిటెక్టు ఉండేవాడట. ఆయనకీ చిన్నప్పుడే పోలియో, చక్రాల కుర్చీలోనే చదువుకున్నాడు. వికలాంగులకి వేరేగా కట్టడం కాదు, అందరూ వాడుకునేదాన్నే మొదట్నుంచీ అందరికీ పనికొచ్చేలా కట్టాలి అన్నది ఆయన పట్టు. అమ్మాయి ఇది చదివి వినిపిస్తే మా అక్క కుట్టు మిషన్ ఆపకుండానే "మరి అంతేగా" అంది. 2024 ఎన్నికల్లో ఎనభై ఐదేళ్ళు దాటినవాళ్ళకీ, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకీ ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. కదల్లేనివాళ్ళకి అది పెద్ద మేలు, కాదనను. మా అక్క మాత్రం ఒప్పుకోలేదు. అందరూ వేసే చోటే తనూ వేస్తానంది. వెళ్ళింది. బడికి చెక్క పలకలతో ర్యాంపు వేశారు, పైన ఎర్ర పట్టా పరిచారు. మర్నాడు పీకేశారు. ఆ బడిలో కాళ్ళు సరిగా లేని పిల్లవాడు ఒకడు చదువుతున్నాడు. ఓటు హక్కు రావడానికి వాడికి ఇంకా చాలా ఏళ్ళుంది.

ఇక ఇంటి లోపలి సంగతులు. ఇక్కడ ప్రభుత్వాన్ని తిట్టి లాభం లేదు, తప్పు మనదే.

గడప. పసుపు రాసి బొట్లు పెట్టే చోటు. దాన్ని తీసెయ్యమని నేను చెప్పను, చెప్తే ఆ ఇంటి పనే పోతుంది. కానీ గడప నేలకి మూడంగుళాలు లేచి ఉండాలని ఏ శాస్త్రంలో ఉంది? కొత్త ఇల్లయితే గడప చెక్కని ఫ్లోరింగ్‌లోకి దించి, పైకి అరంగుళం మాత్రమే కనపడేలా పెట్టించొచ్చు. ఆ అరంగుళాన్ని కూడా రెండు పక్కలా వాలుగా చెక్కమని వడ్రంగికి చెప్తే, చక్రం ఎక్కి దిగినట్టే తెలియదు. మా ఊళ్ళో ఒక పెద్దావిడకి తుంటి ఎముక విరిగి, చక్రాల కుర్చీలోకి వచ్చింది. పాత ఇల్లు, గడప దించే వీల్లేదు. రెండు పక్కలా మూడడుగుల చెక్క పలకలు వాలుగా వేయించాను, తీసి పెట్టుకునేలా. శుక్రవారం పూట కోడలు వాటిని పక్కన పెట్టి, గడపకి పసుపు రాసి, ఆరాక మళ్ళీ వేస్తుంది. పెద్దావిడ ఇప్పుడు సాయంత్రాలు అరుగు మీదకొచ్చి కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరిస్తోంది. అంతకుముందు కొన్ని నెలలు ఆవిడ వీధి మొహం చూడలేదు.

బాత్రూం తలుపు ఇంతకన్నా అన్యాయం. రెండున్నర అడుగుల ద్వారబంధం అంటారు. అది బయటి కొలత. రెండు పక్కలా చెక్క మందం పోతే లోపల మిగిలేది రెండడుగులు. తలుపు తెరిచినా దాని మందం ఇంకో అంగుళం తింటుంది. మామూలు చక్రాల కుర్చీ వెడల్పే రెండడుగులు దాటుతుంది. హాల్లో ఏడడుగుల టీవీ గోడ కట్టించుకుని బాత్రూంకి రెండడుగులు వదిలే ఇళ్ళు ఎన్ని కట్టానో. లోపల మూడడుగులు ఖాళీ రావాలంటే బంధం మూడున్నర పెట్టాలి, గోడ కట్టేటప్పుడే. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు వాళ్ళ ఒంటికే అడ్డం పడి రాదు. కమోడ్ పక్కన గోడకి పట్టుకునే కమ్మీ ఉండాలి. అది లేకే ముసలివాళ్ళు టవల్ రాడ్డు పట్టుకుని లేవబోయి రాడ్డుతో సహా కింద పడుతున్నారు.

వాస్తు గురించి కూడా చెప్పాలి, లేకపోతే మా మేస్త్రీలు నవ్వుతారు. తూర్పు ముఖం ఇంట్లో ర్యాంపుకి అనువైన జాగా చాలాసార్లు ఈశాన్యంలోనే వస్తుంది. ఈశాన్యం పల్లంగా ఉండాలి, మెరక పనికిరాదు అంటారు. అక్కడితో ర్యాంపు మాట ఆగిపోతుంది. నేను సిద్ధాంతిగారితో వాదన పెట్టుకోను. ర్యాంపుని ఆగ్నేయం వైపు నుంచి మొదలుపెట్టి గోడ వెంట తెచ్చి, ద్వారం ముందు ఐదడుగుల చదును చేసి కలుపుదాం, ఈశాన్యం మూల ఖాళీగానే ఉంటుంది అని అడుగుతాను. పెద్దగా అభ్యంతరం చెప్పిన సిద్ధాంతి లేడు. అడగాల్సింది ముందు. పునాదులు తీశాక అడిగితే ఏ సిద్ధాంతీ ఏమీ చేయలేడు.

కాళ్ళ సంగతే చెప్తూ పోతున్నాను. మా వీధిలో ఒక మాస్టారున్నారు, చూపు పూర్తిగా లేదు, హైస్కూల్లో సోషల్ చెప్తారు. ఫుట్‌పాత్‌ల మీద పసుపు రంగు టైల్స్ వేస్తున్నారు చూడండి, కొన్నిటి మీద నిలువు గీతలు, కొన్నిటి మీద గుండ్రటి బొడిపెలు. అవి ఎందుకో మా కుర్రాళ్ళలో సగం మందికి తెలియదు. అందం కోసం అనుకుంటారు. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన 1965లో వాటిని తయారుచేశాడట. 1967లో ఒకయామా అనే ఊళ్ళో, అంధుల బడి దగ్గర రోడ్డు దాటే చోట మొదట వేశారు. గీతలుంటే నడువు అని, బొడిపెలుంటే ఆగు, ముందు ఏదో ఉంది అని అర్థం. కాలితోనో కర్రతోనో చదువుకోవాలి. పసుపు రంగు ఎందుకంటే, కాస్తో కూస్తో చూపున్నవాళ్ళకి కనపడాలని. మాస్టారు ఒక టౌన్లో ఈ గీతల వెంట నమ్మకంగా నడుచుకుంటూ వెళ్ళి కరెంటు స్తంభానికి గుద్దుకున్నారు. టైల్స్ వేసినవాళ్ళు స్తంభం దగ్గర ఆపి, స్తంభం అవతల మళ్ళీ మొదలుపెట్టారు, వరస తప్పకుండా. "వాళ్ళ తప్పు లేదయ్యా, వాళ్ళకి అది అక్షరం అని ఎవరూ చెప్పలేదు" అన్నారాయన, నుదురు తడుముకుంటూ. నేనైతే అంత శాంతంగా అనలేను. స్తంభం అక్కడుందని ప్లాను గీసినాయనకి తెలుసు.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. ఇప్పటి రెండు వందల నోటు పొడవు 146 మిల్లీమీటర్లు, ఐదు వందల నోటు 150. వెడల్పు రెండిటిదీ ఒకటే. నాలుగు మిల్లీమీటర్ల తేడాని బస్సులో నిలబడి వేళ్ళతో కొలవాలి. గరుకు గీతలు ఉంటాయి గానీ నోటు నలిగేకొద్దీ అరిగిపోతాయి. ఇరవై రూపాయల బిళ్ళ మాత్రం ఆయనకి ఇష్టం. పన్నెండు పలకలు, జేబులో చెయ్యి పెట్టగానే తెలుస్తుంది. చూపులేని వాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిన నాణెం అది. కిరాణా కొట్టులో హడావిడిగా చిల్లర ఏరుకునే మనకీ పనికొస్తోంది కదా.

చదువుకున్నవాళ్ళే ఇవన్నీ చేయగలరని నేననుకోను. జైపూర్ కాలు సంగతే చూడండి. 1960ల చివర్లో రామచంద్ర శర్మ అనే చేతిపని వాడు, పెద్దగా బడి చదువు లేనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ గారితో కలిసి దాన్ని తయారుచేశాడు. అంతకుముందు విదేశాల నుంచి వచ్చే కృత్రిమ కాలు బూటు వేసుకుని నడిచేవాళ్ళ కోసం చేసింది. మనవాళ్ళు చెప్పులు లేకుండా పొలంలో దిగాలి, గొంతుక్కూర్చోవాలి, బాసింపట్టు వేసుకుని అన్నం తినాలి. ఆ కాలుతో అవేవీ కుదరక జనం మూలన పడేసేవాళ్ళు. రామచంద్ర శర్మ మనవాళ్ళు కూర్చునే తీరు చూసి, దానికి తగ్గట్టు రబ్బరుతో పాదం చేశాడు. వాడే మనిషి ఎలా బతుకుతున్నాడో చూడటమే ఆ పనిలో పెద్ద భాగం. మా తాపీ పనివాళ్ళు కూడా అంతపాటి చేయగలరు, చూపించేవాళ్ళుంటే. హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, మేస్త్రీలకి శిక్షణ ఇస్తారు. అలాంటి చోట్ల ఒక పూట చక్రాల కుర్చీ తెచ్చి, ప్రతి మేస్త్రీనీ అందులో కూర్చోబెట్టి, ఒకటికి మూడు వాలు మీదా ఒకటికి పన్నెండు వాలు మీదా తనే చక్రం తిప్పుకుని ఎక్కమనాలి. ఆ తర్వాత వేరే పాఠం అక్కర్లేదు.

చట్టం లేక కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందరూ వాడుకోగలిగే ప్రమాణాలు పాటించని బిల్డింగ్‌కి ప్లాను అనుమతి ఇవ్వకూడదని, పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వకూడదని 44వ సెక్షన్ అంటుంది. జనం వాడుకునే పాత భవనాలని, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలోపు మార్చాలని 45వ సెక్షన్. నిబంధనలు 2017లో వచ్చాయి. లెక్క మీరే వేసుకోండి. చూపులేని రాజీవ్ రతూరి గారు 2005లో వేసిన కేసులో, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. నిబంధనల్లో ఉన్నవి సలహాల్లాగా ఉన్నాయి, చేస్తే చేయొచ్చు లేకపోతే లేదన్నట్టు, అది చట్టానికే విరుద్ధం, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరు చేసి మూడు నెలల్లో రూల్స్ తేవాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకి క్షేత్రస్థాయి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. ఢిల్లీలో తీర్పు వచ్చింది, హైదరాబాద్ నుంచి రిపోర్టు వెళ్ళింది. మా మండలంలో సైటు దగ్గరికి మాత్రం ఇంకా 'ర్యాంపు - 1' అనే వస్తోంది.

అందుకే మీ పత్రికని ఒకటి అడుగుతున్నాను. ప్రారంభోత్సవాల ఫొటోలు వేస్తారు కదా, ఇక నుంచి మీ విలేకరిని ఒక టేపు పట్టుకెళ్ళమనండి. అరుగు ఎత్తు ఎన్ని అంగుళాలు, ర్యాంపు పొడవు ఎన్ని అడుగులు. ఈ రెండు అంకెలు ఫొటో కింద వేయండి. వేరే వ్యాఖ్యానం రాయనక్కర్లేదు, ఎవరి మీదా నింద వేయనక్కర్లేదు. రెండు అంకెలూ సమానంగా ఉంటే పని బాగుందని చదివినవాళ్ళకే తెలుస్తుంది. నాలుగుసార్లు అలా వేస్తే, ఐదోసారి కాంట్రాక్టరు నాకు ముందే ఫోన్ చేసి వాలు ఎంత పెట్టాలని అడుగుతాడు. నాకు వాళ్ళ సంగతి తెలుసు.

ఇక పంచాయతీల వాళ్ళకీ, మున్సిపాలిటీల వాళ్ళకీ ఒక మాట. ముగ్గు పోసే రోజు సిద్ధాంతిగారు వస్తారు, ఇంజనీరు గారు వస్తారు, కొబ్బరికాయ కొట్టడానికి పెద్దలు వస్తారు. ఆ రోజు కుర్చీలో తిరిగే మనిషిని ఒకర్ని, కర్రలతో నడిచేవాళ్ళని ఒకర్ని, చూపులేని వాళ్ళని ఒకర్ని కూడా పిలవండి. ద్వారం ఎటు, ర్యాంపు ఎటు, పంపు ఎంత ఎత్తులో ఉండాలి, దరఖాస్తు ఇచ్చే కిటికీ కూర్చున్న మనిషికి అందుతుందా, ఇవన్నీ ముగ్గు మీద నడిచి చూసి చెప్తారు. శాలువా కప్పి, అరటిపండు చేతిలో పెట్టి పంపడం కాదు. సిద్ధాంతిగారికి దక్షిణ ఇస్తున్నాం, ఇంజనీరుకి జీతం ఇస్తున్నాం. వీళ్ళకి ఆటో ఖర్చులూ, మేస్త్రీకిచ్చే రోజు కూలీ ఇవ్వండి. ఎస్టిమేట్‌లోనే ఆ లైను రాయండి.

మా ఊళ్ళో కొత్త లైబ్రరీకి స్థలం చూశారని విన్నాను. ముగ్గు పోసే రోజుకి మాస్టారూ, మా అక్కా ఇద్దరూ వస్తామన్నారు. ముందు రోజే కబురు పెట్టమంది అక్క. పెళ్ళిళ్ళ సీజను, కొట్టు మూయాలంటే బ్లౌజులు ఇవ్వాల్సిన వాళ్ళకి చెప్పుకోవాలి కదా.

ఇట్లు,
ఒక తాపీ మేస్త్రీ,
తెనాలి దగ్గర, గుంటూరు జిల్లా.